ఎడమ పక్క ఆకురాయి గీతలు: 1984 నాటి ఒక స్టీల్ మౌంటెన్ బైకు కేసు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఒక పెద్దాయన పికప్ ట్రక్కులోంచి సైకిలు దింపి షాపులోకి తెచ్చారు. నేను స్టాండు సర్దేలోపే సీటును రెండు చేతులా పట్టుకుని గట్టిగా తిప్పారు. సీటు తిరగలేదు, సైకిలే తిరిగింది. "ఇరవై ఏళ్ల నుంచి ఇలాగే ఉంది. దీన్ని కదిలించి, రంగు వేయించి, కొత్తదానిలా చేసి ఇవ్వగలరా?" అని అడిగారు.

నేను కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పాత స్టీల్ సైకిళ్లు బాగుచేస్తాను. ఎనభైల్లో చేత్తో కట్టిన మౌంటెన్ బైకులు ఎక్కువగా వస్తాయి. పదిహేనేళ్లుగా ఇదే పని. అంతకుముందు తెనాలిలో మా నాన్న సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ పెరిగాను. ఇక్కడికి వచ్చేవాళ్లు తెచ్చేది సైకిలే గానీ, సగం మంది అడిగేది తమ పాతికేళ్ల వయసుని. అది నా బెంచి మీద అయ్యే పని కాదు. ఈ పెద్దాయన కూడా ఆ బాపతే అనుకున్నాను. ఈ కేసులో నా పొరపాటు ఒకటి ఉంది. ఇదే పని చేసేవాళ్లకి పనికొస్తుందని దాన్నీ దాచకుండా రాస్తున్నాను.

ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు పంచి రిటైరయ్యారు. 1984లో, ఉత్తర కాలిఫోర్నియాలో, వాళ్ల ఊళ్లోనే గరాజులో ఫ్రేములు కట్టే ఒక మనిషి దగ్గర దీన్ని చేయించుకున్నారు. ఆ బిల్డరు ఇప్పుడు లేరు. పెద్ద పేరున్నవాడు కాదు, కట్టినవి కూడా తక్కువే. వాళ్ల కుటుంబం అక్కడే ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. సైకిలు మీద స్టిక్కరు లేదు, బ్యాడ్జి లేదు. అడుగున, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కింద మాత్రం చేత్తో కొట్టిన రెండంకెల నంబరు ఉంది: 23. అందులో 3 కాస్త పక్కకి ఒరిగింది.

ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ సైకిలు

1976 అక్టోబరు 21న ఉత్తర కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్క కొండ మీంచి కొందరు కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్ల మీద పందెం వేసుకుని దిగారు. అవి ముప్పైల్లో, నలభైల్లో తయారైన బరువైన సైకిళ్లు. దారి సుమారు రెండు మైళ్లు, దిగుడు 1,300 అడుగులు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకే దిక్కు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగ వచ్చేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పెట్టారు. ఆ గుంపులోనే ఉన్న జో బ్రీజ్ 1977లో క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) గొట్టాలతో అచ్చంగా ఆ పని కోసమే ఒక ఫ్రేము కట్టాడు. ఆ మొదటి విడతలో మొత్తం పది అయ్యాయి. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేముల్ని గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ సైకిళ్లుగా బిగించి అమ్మడం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్లు జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్ దుకాణాల్లోకి వచ్చింది. అక్కడినుంచి మౌంటెన్ బైకు కావాలంటే కొండ పక్క ఊళ్లో ఎవరో తెలిసి ఉండక్కర్లేదు, షాపుకి వెళ్తే చాలు.

అయినా ఇంకో పదేళ్లు గరాజు బిల్డర్లు నిలబడ్డారు. పెటలూమాలో రాస్ షేఫర్ సాల్సా పేరుతో, సాంటా క్రూజ్‌లో కీత్ బాంట్రేగర్, అవతలి తీరాన బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో క్రిస్ చాన్స్, ఇలా పేరు నిలిచినవాళ్లు కొందరు. పేరు మిగలనివాళ్లు ఇంకెందరో. కొనేవాడు వెళ్లి బిల్డరు ఎదురుగా నిలబడేవాడు. కాలు కొలిపించుకునేవాడు. "మా కొండ మీద రాళ్లెక్కువ, ముందు చక్రం కాస్త అవతలికి జరుపు" అని అడిగేవాడు. తర్వాత అల్యూమినియం వచ్చింది, తైవాన్ నుంచి వెల్డింగు ఫ్రేములు వచ్చాయి, 1990 దాటాక ముందు ఫోర్కులకి షాకులు వచ్చాయి. 1995లో బాంట్రేగర్ పేరు ట్రెక్ కంపెనీ కిందికి వెళ్లింది. 1997లో సాల్సా కూడా చేతులు మారింది. మా పెద్దాయన బిల్డరు అంతకన్నా ముందే అతుకులు పోసే గ్యాస్ టార్చి పక్కన పెట్టి వడ్రంగానికి వెళ్లిపోయారట.

స్టీలు గురించి ఒక మాట. 'స్టీలు ఫ్రేము బతికి ఉంటుంది, గతుకుల్ని మింగేస్తుంది' అని నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో మనిషీ అంటాడు. నేను ఎదురు చెప్పను, టైర్లలో గాలి పది పౌండ్లు తగ్గించి ఇస్తాను. వాళ్లు తొక్కి వచ్చి 'చూశారా, అదే స్టీలంటే' అంటారు. స్టీలు మీద నా ప్రేమకి కారణం వేరు. కట్టినవాడు ఏం చేశాడో నలభై ఏళ్ల తర్వాత కూడా విప్పి చదవొచ్చు, విరిగితే మళ్లీ అతకొచ్చు.

సీటు పోస్టు

సైకిల్లో మిగతా భాగాలు ఫరవాలేదు. గేర్లు ఎనభైల నాటి షిమానో డియోర్ ఎక్స్‌టీ, జింక తల గుర్తు ఉన్నవి. వెనక ఆరు పళ్లచక్రాల ఫ్రీవీలు. హ్యాండిలూ దాన్ని మోసే కొమ్మూ ఒకే ముక్కగా, త్రికోణంలా అతికిన బుల్‌మూస్ రకం. బ్రేకు రబ్బర్లు రాయిలా అయిపోయాయి. బాటమ్ బ్రాకెట్‌లో రెండు చెంచాల తుప్పు నీళ్లు. అసలు గొడవ సీటుని మోసే కడ్డీది, అంటే సీటు పోస్టుది.

పోస్టు అల్యూమినియం, అది దూరిన గొట్టం, అంటే ఫ్రేము సీటు ట్యూబు, ఉక్కు. మధ్యలో గ్రీజు లేదు. సముద్రం దగ్గరి గరాజులో తేమ చేరింది. రెండు వేరు లోహాలు, మధ్య తడి, దాంతో అల్యూమినియం తెల్లగా పొంగి పొడి కడుతుంది. ఆ పొడి లోహం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, పోస్టుని చుట్టూ నొక్కి పట్టేస్తుంది. బయటికి మామూలుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం సిమెంటు పోసినట్టే.

వారం రోజులు ఊరే నూనె పోశాను. అమ్మోనియా పోశాను. పోస్టు తలని బెంచి వైసులో బిగించి ఫ్రేమునే తిప్పి చూశాను, అదీ కొద్దిగానే. బలం ఎక్కువైతే సీటు ట్యూబు మెలితిరుగుతుంది, అప్పుడు పోస్టు వచ్చినా ఫ్రేము పోయినట్టే. చివరికి పోస్టుని అంగుళం మిగిల్చి రంపంతో కోసేశాను. కోసిన తల మీద అచ్చు కొట్టిన సైజు కనిపించింది: 26.6 మిల్లీమీటర్లు. దాన్ని పక్కన రాసి పెట్టుకున్నాను.

ఇక మిగిలింది కాస్టిక్ సోడా. కాస్టిక్ నీళ్లు అల్యూమినియాన్ని కరిగించేస్తాయి, ఉక్కు జోలికి పోవు. చేసేవాళ్లకి జాగ్రత్తలు: నీళ్లలో సోడా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, మోచేతుల దాకా గ్లవ్సు ఉండాలి. ఆరుబయట చెయ్యాలి, ఎందుకంటే కరిగేటప్పుడు వచ్చేది హైడ్రోజన్, నిప్పు దగ్గరుంటే అంటుకుంటుంది. బాగా వేడెక్కుతుంది కూడా.

ఫ్రేముని తలకిందులుగా బిగించాను. పోస్టు ముక్క కింది చివరికి రబ్బరు బిరడా కొట్టి, పైనున్న బాటమ్ బ్రాకెట్ వైపు నుంచి కాస్టిక్ నీళ్లు పోశాను. కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టాను. సాయంత్రం దాకా రెండుసార్లు మార్చాను. పని బాగా నడుస్తోంది, బుడగలు వస్తున్నాయి. రాత్రి ఎనిమిదింటికి మూడోసారి నింపి ఇంటికి వెళ్లిపోయాను. అదే నా తప్పు.

బిరడా పట్టుకున్నది ఆ అల్యూమినియం ముక్కనే. అది కరిగి పలచబడుతుంటే బిరడా వదులవుతుందని పదేళ్ల పిల్లాడైనా చెబుతాడు. అర్ధరాత్రి ఎప్పుడో ఊడిపోయింది. నీళ్లు నేరుగా టబ్బులో పడి ఉంటే బాధ లేదు. ఈ ఫ్రేములో పై గొట్టం, అంటే టాప్ ట్యూబు, సీటు వైపు నుంచి తల వైపుకి కాస్త పైకి ఎక్కుతుంది. తలకిందులు చేస్తే అదే వాలు కిందికి. కాస్టిక్ నీళ్లు గొట్టాన్ని పట్టుకుని, కారుతున్న చూరు నీళ్లు వాసం వెంట పాకినట్టు, ముందు దాకా పాకి, హ్యాండిలు తిరిగే హెడ్ ట్యూబు అతుకు చుట్టూ చేరాయి. పొద్దున వెళ్లి చూస్తే టాప్ ట్యూబు మీద పొడుగ్గా ఒక చార, రెండు చివర్లా అతుకుల చుట్టూ పెద్ద మచ్చలు. నలభై ఏళ్ల నాటి నీలం రంగు జారిపోయి ఉంది. అది బిల్డరు తన గరాజులోనే కొట్టిన ఎనామిల్.

నీళ్లతో, వెనిగరుతో కడిగాను. కాసేపు కూర్చున్నాను. తర్వాత పెద్దాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. "నేను వస్తున్నాను" అని పెట్టేశారు. ఆ రెండు గంటల టెన్షన్ గురించి రాయను.

హెడ్ ట్యూబు అతుకు

ఆయన వచ్చేలోపు రంగు పోయిన చోట్లు తుడిచి చూశాను. హెడ్ ట్యూబు దగ్గర ఇత్తడి బంగారంలా మెరుస్తోంది.

మన హీరో, అట్లాస్ సైకిళ్లలో గొట్టాలు కలిసే చోట ఒక తొడుగు ఉంటుంది, దాన్ని లగ్గు అంటారు. గొట్టం అందులో దూరుతుంది, ఇత్తడి ఆ సందులోకి పారుతుంది. ఈ కొత్త రకం సైకిళ్ల కోణాలకి, లావు గొట్టాలకి సరిపోయే తొడుగులు అప్పట్లో సులువుగా దొరికేవి కావు. అందుకని చాలామంది గొట్టాన్ని గొట్టానికి ఆనించి, 900 డిగ్రీల దగ్గర ఇత్తడి కరిగించి, మూల చుట్టూ నిండుగా పోసేవారు. చల్లారాక ఆకురాయితో గంటల తరబడి రాసి నున్నగా చేసేవారు. రంగు వేశాక గొట్టాలు చెట్టుకొమ్మల్లా ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినట్టు కనిపిస్తాయి. అది టార్చి పని కన్నా ఆకురాయి పని.

ఈ అతుకు కుడి పక్క అద్దంలా ఉంది. ఎడమ పక్క చూస్తే ముతక ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి, ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి. సగం రాసి వదిలేసినట్టుంది. ఇన్నాళ్లూ రంగు కింద మందంగా కప్పుకుపోయాయి. మా నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. డెబ్భై ఎనిమిదేళ్లు, చూపు తగ్గింది గానీ ఇత్తడి పోత చూస్తే కళ్లు వస్తాయి.

"ఆ వెలుతురు పక్కకి తిప్పరా... ఇత్తడి బాగా తాగింది. పట్టు గట్టిది. రాయడం మాత్రం హడావుడిగా రాశాడు. ఎవడో నెత్తిన నిలబడి తొందర పెట్టుంటాడు."

పెద్దాయన వచ్చారు. చార వైపు చూసి పెదవి బిగించారు. నేను క్షమాపణ చెప్పబోతుంటే ఆయన హెడ్ ట్యూబు దగ్గర వంగారు. ఎడమ పక్క వేలితో రాసి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు.

శనివారం పొద్దున పందెం ఉందట. శుక్రవారం రాత్రి పదకొండింటికి ఈయన గరాజులో నిలబడి ఉన్నారట, అయిందా అయిందా అని అడుగుతూ. బిల్డరు కుడి పక్క రాసి ముగించి, ఎడమ పక్క సగంలో ఆకురాయి బల్ల మీద పడేసి, "ఈ పక్క ఎవడూ ఫోటో తియ్యడు" అన్నారట. నిజమే. సైకిలుకి ఫోటో ఎప్పుడూ చైను ఉన్న కుడి పక్క నుంచే తీస్తారు. ఆ రాత్రే రంగు కొట్టి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, పొద్దున్నే బిగించి ఇచ్చారట. పందెంలో ఎన్నో స్థానం వచ్చిందని అడిగాను. మొదటి వాగు దాటగానే పంక్చరు అయిందట.

పగులు

సంతోషం అక్కడితో ఆగింది. సీటు దగ్గర రంగు పోయిన చోట భూతద్దం పెట్టి చూస్తే, సీటు బిగించే చీలిక అడుగు నుంచి వెంట్రుకలాంటి పగులు కిందికి దిగి ఉంది, 11 మిల్లీమీటర్లు. గొట్టం లోపల కొలిచాను, 26.8. పోస్టు మీద 26.6. తేడా 0.2 మిల్లీమీటరు, అంతే. ఎప్పుడో పోస్టు మార్చినవాళ్లెవరో ఒక సైజు తక్కువది వేశారు. జారుతుంటే బోల్టు ఇంకా ఇంకా బిగించారు. చీలిక మూసుకుపోయి, అడుగున ఒత్తిడి చేరి, ఉక్కు చిరిగింది. నేను చూసిన పాత ఫ్రేముల్లో సీటు దగ్గరి పగుళ్లకి ఎక్కువసార్లు కారణం ఇదే. పోస్టు కొనేముందు గొట్టం కొలవండి, బోల్టుతో సరిపెట్టకండి.

నాన్న మాట సూటిగా ఉంది: "ముందు పగులు చివర కన్నం కొట్టరా. లేకపోతే నీ అతుకు కిందనుంచి మళ్లీ పాకుద్ది. తర్వాత వెలిగారం చల్లి ఇత్తడి పొయ్యి." కన్నం మాట నూటికి నూరుపాళ్లు నిజం, 2 మిల్లీమీటర్ల కన్నం కొట్టాను. ఇత్తడి దగ్గర మాత్రం ఆయనతో ఏకీభవించలేదు. పగులుకి అంగుళం దూరంలోనే వెనక గొట్టాల అతుకులున్నాయి. అక్కడ 900 డిగ్రీలు పెడితే బిల్డరు పోసిన ఇత్తడి కూడా కరిగి జారుతుంది. కాబట్టి 650 దగ్గర పారే వెండి అతుకు ఎంచుకున్నాను. వెండి సందులు నింపదు, పలచటి సందులోకి పాకుతుంది. అందుకని గొట్టం లోపల ఇంకో గొట్టం పెట్టాలి.

లేతు ఉన్న మిత్రుడి చేత క్రోమోలీ తొడుగు ఒకటి చేయించాను. పొడవు 12 సెంటీమీటర్లు, మందం 0.7 మిల్లీమీటరు. లోపలి కొలత 25.4 వచ్చింది, అది అంగుళం పోస్టు, బజార్లో దొరికే సైజే. తొడుగు టాప్ ట్యూబు అతుకు కన్నా కిందికి దిగుతుంది కాబట్టి ఇకపై సీటు బరువు పగిలిన చోట పడదు. ఫ్లక్సు రాసి, దూర్చి, టార్చిని ఒక్క చోట ఆపకుండా తిప్పుతూ వేడి చేస్తే వెండి చీలిక అంచు నుంచి లోపలికి లాక్కుపోయింది. నీళ్లు తగలనివ్వకుండా గాలికే చల్లారనిచ్చాను. క్రోమోలీ ఎర్రగా ఉండగా నీళ్లు పోస్తే పెళుసుబారుతుంది. తర్వాత చీలిక మళ్లీ కోసి, లోపలి కొలత సరిచేసే రీమరు తిప్పాను.

'బిల్డరు చేసిన అతుకుని తాకనివ్వవు గానీ లోపల నీ గొట్టం పెట్టావా' అని ఎవరైనా అడగొచ్చు. పెట్టాను. మనిషి కూర్చునే చోట పగులు వదిలి పంపడం నా వల్ల కాదు. కానీ అది నా పని అని తెలిసేలా, తొడుగు లోపలి అంచున నా గుర్తూ సంవత్సరమూ కొట్టాను. రేపు పోస్టు తీసి చూసినవాడు దాన్ని బిల్డరు లెక్కలో వెయ్యకూడదు.

రంగు

మొదట కొత్తదానిలా చెయ్యమన్న పెద్దాయన ఇప్పుడు ఎడమ పక్క ఇత్తడి కనిపించేలా పారదర్శకమైన వార్నీషు వేసి వదిలేద్దామన్నారు. వద్దన్నాను. వార్నీషు కింద ఉక్కు ఊరుకోదు, ఏడాది రెండేళ్లలో సాలెగూడులా తుప్పు దారాలు పాకుతాయి. రంగు వేసేవాడు ఇంకో వైపు: "పుట్టీ పెట్టి నున్నగా చేస్తాను, పది నిమిషాల పని." పాపం, మంచి పనివాడు, గీతలు కనిపిస్తే అతనికి నిద్ర పట్టదు. ఈ వాదన వారం నడిచింది. నా పొరపాటు వల్ల పోయిన రంగు కాబట్టి ఖర్చు నాదే, అయినా నిర్ణయం పెద్దాయనది. చివరికి ఇలా కుదిరింది: పాత రంగు ఉన్నచోట ఉన్నట్టే ఉంచాం. పోయినచోట మాత్రం పలచటి ప్రైమరు, దాని మీద కలిపి తెచ్చిన నీలం రెండు పూతలు. పుట్టీ లేదు. కొత్త నీలం పాతదానితో పూర్తిగా కలవలేదు, ఎండలో తేడా తెలుస్తుంది. ఎడమ పక్క గీతలు దూరం నుంచి కనిపించవు, బొటనవేలు పెడితే తగులుతాయి.

మిగతాది మామూలు పని. గొట్టాల లోపల అవిసె నూనె పోసి, తిప్పి, వంచేసి ఆరబెట్టాను. బాటమ్ బ్రాకెట్ అడుగున నీళ్లు పోయే కన్నం మూసుకుపోతే తెరిచాను. వెనక ఫోర్కు వెడల్పు కొలిస్తే 130 మిల్లీమీటర్లు. కొత్త హబ్బు పట్టాలని 135కి సాగదీయమంటారు కొందరు. పాత హబ్బు బాగుండగా ఎందుకు? బాల్సు మార్చి, గ్రీజు పెట్టి, రిమ్ముల బెండు తీశాను. కేబుళ్లు, చైను, బ్రేకు రబ్బర్లు, 26 అంగుళాల టైర్లు కొత్తవి. మొత్తం 34 గంటలు పట్టింది. బిల్లు వేసింది 15 గంటలకి. కాస్టిక్ రాత్రి, దాని తర్వాత సర్దుబాట్లు నా ఖాతా.

ఏప్రిల్ రెండో వారంలో తీసుకెళ్లారు. స్టాండు మీంచి దింపగానే సీటు పట్టుకుని తిప్పి చూశారు, అలవాటు పోలేదు. తర్వాత ఎడమ చేత్తో హెడ్ ట్యూబు పక్క తడిమారు.

రెండు వారాలకి మళ్లీ వచ్చారు, టైర్ల నిండా ఎర్రమట్టి. ముందు బ్రేకు వేస్తే ఊరంతా వినపడేలా కీచుమంటోందని ఫిర్యాదు. రబ్బర్ల ముందు అంచు రిమ్ముకి ముందుగా తగిలేలా, వెనక అట్టముక్క పెట్టి కాస్త వాలు ఇచ్చి బిగించాను. సందులో తొక్కి వచ్చి, "ఇప్పుడు ఎడమది ఒక్కటే అరుస్తోంది" అన్నారు. మళ్లీ స్టాండు ఎక్కించాను.